పెట్ షాప్ బాయ్స్ 'డిస్కోగ్రఫీ' (1991): వరసలో వింటేనే దాని అందం

విభాగం: పాశ్చాత్య సంగీతం › సింథ్-పాప్, ఎలక్ట్రానిక్

#1 రికార్డుల రావు (రాజమండ్రి)

అందరికీ నమస్తే. ఈ విభాగంలో క్రాఫ్ట్‌వర్క్ గురించి, డెపెష్ మోడ్ గురించి బోలెడంత మాట్లాడుకున్నాం. ఇంగ్లండ్‌కి చెందిన ఇద్దరి బృందం పెట్ షాప్ బాయ్స్‌కి విడిగా ఒక థ్రెడ్ లేదు. నేను మొదలుపెడుతున్నాను. వాళ్ల ఆల్బమ్‌లన్నిటి గురించీ కాదు, ఒక్కదాని గురించే. 1991 నవంబరులో పార్లోఫోన్ కంపెనీ విడుదల చేసిన 'డిస్కోగ్రఫీ'. అప్పటిదాకా వచ్చిన సింగిల్స్ (విడిగా ఒక్కో పాటగా అమ్మిన రికార్డులు) 16, కొత్త పాటలు 2, మొత్తం 18 పాటలు ఒకే సీడీలో.

హిట్ల సంకలనమంటే మనలో చాలామందికి చిన్నచూపు. క్రిస్మస్ ముందు అమ్ముకోవడానికి కంపెనీ చేసే పని అనుకుంటాం. చాలావాటి విషయంలో అది నిజమే. ఇది మాత్రం నా లెక్కలో వాళ్లు చేసిన గొప్ప రికార్డుల్లో ఒకటి. కారణం ఒక్కటే: పాటల్ని విడుదలైన వరసలోనే పెట్టారు. అలా పెట్టడంతో ఆరేళ్ల బ్రిటన్ కళ్ల ముందు నడిచి వెళ్తుంది. 'వెస్ట్ ఎండ్ గర్ల్స్'లో రాత్రి లండన్ వీధులు, 'ఆపర్చునిటీస్'లో ప్రధాని థాచర్ కాలపు డబ్బు పిచ్చి, 'సబర్బియా'లో అల్లర్లు, 'ఇట్స్ ఎ సిన్'లో బడిలో నూరిపోసిన పాపభయం, 'బీయింగ్ బోరింగ్'లో లేకుండాపోయిన స్నేహితులు, 'డీజే కల్చర్'లో గల్ఫ్ యుద్ధం. వాళ్ల ఏ ఒక్క ఆల్బమ్‌లోనూ ఇంత దూరం ప్రయాణం లేదు.

కొత్తవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నీల్ టెనెంట్ పాడతాడు, మాటలు ఎక్కువగా ఆయనవే. క్రిస్ లో కీబోర్డుల దగ్గర ఉంటాడు. నల్ల కళ్లద్దాలు, టోపీ, మొహంలో నవ్వుండదు. 1981 ఆగస్టులో లండన్ కింగ్స్ రోడ్‌లో ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల షాపులో పరిచయమయ్యారు. లో అప్పటికి లివర్‌పూల్‌లో ఆర్కిటెక్చర్ విద్యార్థి. టెనెంట్ తర్వాత 'స్మాష్ హిట్స్' అనే పాప్ పత్రికలో చేరాడు. 1983లో పోలీస్ బ్యాండ్ మీద రాయడానికి న్యూయార్క్ వెళ్లి, పనిలో పనిగా తనకిష్టమైన డిస్కో నిర్మాత బాబీ ఓర్లాండోని కలిశాడు. 'వెస్ట్ ఎండ్ గర్ల్స్' మొదటి రూపం అలా 1984లో వచ్చింది. బ్రిటన్‌లో అది నిలబడలేదు. నిర్మాత స్టీఫెన్ హేగ్‌తో మళ్లీ రికార్డు చేశాక 1986 జనవరిలో బ్రిటన్‌లోనూ, మే నెలలో అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్లింది.

ఒప్పుకునేవాళ్లూ ఒప్పుకోనివాళ్లూ అందరూ రాయండి. పాట పేరు చెప్పి, ఎందుకో కూడా చెప్పండి.

#2 ఓరుగల్లు పిలగాడు (వరంగల్)

రావు అన్నా, మంచి థ్రెడ్ పెట్టినవ్. నేనైతే 'డిస్కోగ్రఫీ' తోటి కాదు, 2023ల వచ్చిన 'స్మాష్' తోటి మొదలువెట్టిన. అండ్ల 55 పాటలున్నయ్, 1985 నుంచి 2020 దాకా. అది గూడ విడుదలైన వరసనే. మొదటి 18 పాటలల్ల నువ్వు చెప్పిన కథ ఎట్లనో ఉన్నది, ఇంకో ముప్పై ఏండ్లు పైన కలుస్తది. మరి పాతదాన్ని విడిగ ఎందుకు వినాలె? నిజంగనే అడుగుతున్న, తెలుసుకుందామని.

#3 సింథ్ సుధ (హైదరాబాద్)

నేను కీబోర్డు వాయిస్తాను, స్టూడియో పని కూడా చేస్తాను కాబట్టి వరస సంగతి పక్కనపెట్టి శబ్దం గురించి చెప్తా.

రావుగారు ఒక పెద్ద విషయం వదిలేశారు. 'డిస్కోగ్రఫీ'లో ఉన్నవి సింగిల్ కోతలు. వాళ్ల విషయంలో ఇది మామూలు తేడా కాదు. 1988లో వచ్చిన 'ఇంట్రోస్పెక్టివ్' ఆల్బమ్ చూడండి. ఆరే పాటలు, అన్నీ పొడుగ్గా, క్లబ్బులో డ్యాన్సుకి సరిపోయేట్టు. లోకమంతా మామూలు పాటని ఆల్బమ్‌లో పెట్టి, పొడుగు రూపాన్ని 12 అంగుళాల రికార్డు మీద అమ్ముతుంటే, వీళ్లు తిరగేసి పొడుగు రూపాన్నే ఆల్బమ్‌లో పెట్టి, రేడియోకి పొట్టి రూపం ఇచ్చారు. 'లెఫ్ట్ టు మై ఓన్ డివైసెస్' ఆల్బమ్‌లో ఎనిమిది నిమిషాల పైమాటే. సింగిల్ ఐదు నిమిషాల లోపు. ట్రెవర్ హార్న్ నిర్మాత, వెనకాల పూర్తి ఆర్కెస్ట్రా, ఆర్కెస్ట్రా అమరిక రిచర్డ్ నైల్స్‌ది. పాటలో విప్లవకారుడు చే గువేరానీ సంగీతకర్త డెబ్యుసీనీ ఒకే ఊపిరిలో తలుస్తాడు టెనెంట్, ఆ పోలిక ఆర్కెస్ట్రాలోనే వినిపిస్తుంది: పైన సినిమా అంత పెద్ద స్ట్రింగ్స్, కింద మారకుండా కొట్టే హౌస్ (షికాగో క్లబ్బుల్లో పుట్టిన డ్యాన్సు సంగీతం) బీట్. పొడుగు రూపంలో ఈ రెండిటికీ ఊపిరాడుతుంది. పొట్టి రూపంలో ఢీకొంటాయి. నాకు ఆ ఢీకొనడమే ఇష్టం.

'ఇట్స్ ఆల్‌రైట్' కూడా అంతే. అసలు పాట షికాగో హౌస్, స్టెర్లింగ్ వాయిడ్‌ది. 'ఇంట్రోస్పెక్టివ్'లో తొమ్మిది నిమిషాలు దాటి నడుస్తుంది. సింగిల్‌కి వచ్చేసరికి దాన్ని మళ్లీ కట్టి, పాప్ పాటలా ఒక చోట మొదలై ఒక చోట ముగిసేలా చేశారు.

ఇలా కోసినవి కాబట్టే 18 పాటలు ఒక సీడీలో పట్టాయి. ఏ పాటా తన సమయం మించి కూర్చోదు. పిలగాడు తమ్ముడూ, నీ ప్రశ్నకి నా జవాబు అదే: 55 పాటలు ఏకబిగిన ఎవరూ వినరు. 18 వింటారు.

#4 అనంత అభి (అనంతపురం)

నేను ఒప్పుకోను. సింగిల్స్‌తో పెట్ షాప్ బాయ్స్‌ని కొలిస్తే సగం మనుషులే కనపడతారు.

1987 'యాక్చువల్లీ' ఆల్బమ్ తీసుకోండి. కవరు మీద టెనెంట్ ఆవలిస్తుంటాడు, అది. అందులో 'షాపింగ్' అని పాట ఉంది. ప్రభుత్వ సంస్థల్ని అమ్మేయడం గురించి అంత సూటిగా రాసిన పాప్ పాట ఆ రోజుల్లో ఎన్ని? 'కింగ్స్ క్రాస్' ఉంది. 'ఇట్ కుడంట్ హాపెన్ హియర్' ఉంది, దానికి ఆర్కెస్ట్రా అమర్చింది 'ట్విన్ పీక్స్' టీవీ సీరియల్ సంగీతకర్త ఆంజెలో బదలమెంటి. ఈ మూడూ సింగిల్స్ కావు కాబట్టి 'డిస్కోగ్రఫీ'లో లేవు. బ్రిటన్ కథ అన్నారు కదా రావుగారూ, ఆ కథలో చేదంతా ఈ పాటల్లోనే ఉంది.

ఇక సింగిల్ రికార్డుల రెండో వైపు పాటలు. 'పనినారో'లో మాట్లాడేది క్రిస్ లో. జన్మలో నోరు విప్పని మనిషి తనకు ఏవి ఇష్టమో ఒక్కొక్కటే చెప్తాడు. అలాంటివన్నీ 1995లో 'ఆల్టర్నేటివ్' అని 30 పాటలు రెండు సీడీల్లో తెచ్చారు. నన్నడిగితే మొదటగా కొనాల్సిన సంకలనం అది.

ఇంకొకటి. కవరు మీద 'కంప్లీట్ సింగిల్స్ కలెక్షన్' అని వేశారు. 'హౌ కెన్ యూ ఎక్స్‌పెక్ట్ టు బీ టేకెన్ సీరియస్లీ' ఏదీ? బ్రిటన్‌లో అది 'వేర్ ది స్ట్రీట్స్ హావ్ నో నేమ్'తో కలిపి రెండు ముఖాల సింగిల్‌గా వచ్చింది. సీడీలో దాన్ని వదిలేశారు.

#5 టైన్ ఒడ్డున (న్యూకాజిల్, ఇంగ్లండ్)

అభి గారు 'కింగ్స్ క్రాస్' ఎత్తారు కాబట్టి నేనూ కలగజేసుకుంటాను. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. నీల్ టెనెంట్ పుట్టింది మా పక్కనే, నార్త్ షీల్డ్స్‌లో, 1954లో. చేపల రేవు, ఓడల పని ఉన్న ఊరు. చదివింది న్యూకాజిల్‌లో సెయింట్ కత్‌బర్ట్స్ అనే క్యాథలిక్ మగపిల్లల బడిలో.

ఇక్కడ రైలెక్కితే లండన్‌లో దిగేది కింగ్స్ క్రాస్‌లోనే. గనులు, ఓడల కర్మాగారాలు మూతపడుతున్న రోజుల్లో పని వెతుక్కుంటూ దక్షిణాదికి వెళ్లిన ఈశాన్యం కుర్రాళ్లందరికీ లండన్ అంటే మొదట కనిపించేది ఆ స్టేషనే. పనిలేక, డబ్బులేక అక్కడే చిక్కుబడినవాళ్ల పాట అది. ఆ పాట విడుదలైన కొద్ది నెలలకే, 1987 నవంబరు 18న, స్టేషన్ కింద మెట్రోలో అగ్నిప్రమాదం జరిగి 31 మంది చనిపోయారు. అందువల్ల చాలామందికి ఆ పాట ఇంకో రకంగా గుర్తుండిపోయింది. అది సింగిల్ అయ్యుంటే బావుండేదని నాకూ ఉంది.

కానీ రావుగారి మాటతోనే ఏకీభవిస్తాను. ఎందుకంటే ఆ ఉత్తరాది కుర్రాడి చూపు సింగిల్స్‌లోనూ ఉంది. 'వెస్ట్ ఎండ్ గర్ల్స్'లో పేదల తూర్పు లండన్, డబ్బున్న పడమటి లండన్ ఎదురుపడతాయి. రెంటికీ బయటివాడిగా నిలబడి చూస్తున్నవాడే అలా రాయగలడు. టి.ఎస్. ఎలియట్ 'వేస్ట్ ల్యాండ్' చదివి, గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ 'ది మెసేజ్' రాప్ విని, ఆ రెండూ కలిపి రాసిన పాట. అమెరికా వాళ్ల రాప్‌ని అనుకరించకుండా, ఇంగ్లీషు యాసలో, దాదాపు గుసగుసగా మాట్లాడాడు. మొదట్లో అడుగుల చప్పుడు, బండ్ల చప్పుడు వినిపిస్తాయి చూడండి. ఆ తర్వాత వచ్చే బేస్ గీత ఎంత పొదుపుగా ఉంటుందో!

#6 వెన్నెల విశాఖ (విశాఖపట్నం)

నేను ఎరేజర్ బృందం అభిమానిని, కాస్త పక్కకు లాగుతున్నాను, ఏమనుకోకండి. 1992 నవంబరులో వాళ్ల 'పాప్! ది ఫస్ట్ 20 హిట్స్' వచ్చింది. అదీ ఇద్దరి బృందమే: విన్స్ క్లార్క్ సింథ్‌లు (సింథసైజర్లు), ఆండీ బెల్ గొంతు. అదీ విడుదలైన వరసే. బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. 'డిస్కోగ్రఫీ' మూడో స్థానంలోనే ఆగింది. 1991లోనే యూరిథ్మిక్స్ 'గ్రేటెస్ట్ హిట్స్' కూడా నంబర్ వన్. 80లలో మొదలైన బ్రిటిష్ ఇద్దరి బృందాలన్నీ దాదాపు ఒకే సమయంలో లెక్కలు చూసుకున్నాయన్నమాట.

రావుగారు చెప్పే వరస మహిమ 'పాప్!'లో కూడా ఉందా అని అడుగుతున్నా. నాకైతే ఉందనే అనిపిస్తుంది.

#7 రికార్డుల రావు (రాజమండ్రి)

వెన్నెల గారూ, 'పాప్!' నాకూ ప్రాణమే. ఆండీ బెల్ గొంతులో ఉన్న ఆర్తి టెనెంట్ ఎప్పుడూ చూపించడు. తేడా ఎక్కడంటే, ఎరేజర్ మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకే మనసుతో పాడుతుంది. ప్రేమ, ప్రేమలో దెబ్బ, మళ్లీ ప్రేమ. గొప్ప మనసే. పెట్ షాప్ బాయ్స్‌లో మనిషి వయసు పెరుగుతుంది. 'ఆపర్చునిటీస్'లో తెలివి, పథకం, ఆశ. ఐదేళ్ల తర్వాత 'బీయింగ్ బోరింగ్'లో వెనక్కి తిరిగి చూడ్డం. వరసలో వింటే ఆ పెరగడం చెవికి తెలుస్తుంది.

అభి గారికి: 'కింగ్స్ క్రాస్' లేకపోవడం లోటే. కానీ సింగిల్‌కి ఒక ప్రత్యేకత ఉంది. అది అడగని ఇంట్లోకి కూడా వెళ్తుంది. ఆల్బమ్ కొన్నవాడు ముందే మీ మనిషి. సింగిల్ రేడియోలో, టీవీలో, బట్టల షాపులో వినిపిస్తుంది. మతం పెట్టిన సిగ్గు గురించి ఉరుములతో ఒక పాట కట్టి, దాన్ని 1987లో దేశమంతా వినే నంబర్ వన్ చేయడం ఆల్బమ్‌లో దాచిన పాటకన్నా పెద్ద సాహసం. కవరు మీది మాట సంగతి సరే, 'హౌ కెన్ యూ ఎక్స్‌పెక్ట్' ఉండాల్సిందే.

బ్రిటన్ చార్టు స్థానాలు చూస్తే ఇంకో సంగతి. 'ఇట్స్ ఎ సిన్' 1, డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్‌తో పాడిన 'వాట్ హావ్ ఐ డన్ టు డిజర్వ్ దిస్' 2, 'రెంట్' 8, 'ఆల్వేస్ ఆన్ మై మైండ్' 1, 'హార్ట్' 1. ఇదంతా 1987 వేసవి నుంచి 1988 వసంతం దాకా. తర్వాత 'డొమినో డాన్సింగ్' 7 దగ్గర ఆగింది. అక్కడితో తమ చక్రవర్తుల కాలం అయిపోయిందని టెనెంట్‌కి అప్పుడే అర్థమైందట. కళాకారుడు ఏది చేసినా జనం నెత్తిన పెట్టుకునే రోజులకు 'ఇంపీరియల్ ఫేజ్' అనే పేరు ఆయనే పెట్టాడు. ఇప్పుడు పాప్ గురించి రాసే ప్రతివాళ్లూ అదే వాడుతున్నారు. సీడీలో 'డొమినో డాన్సింగ్' పదో పాట. ఇంకా ఎనిమిది ఉన్నాయి. ఆ ఎనిమిదే నాకు ఎక్కువ ఇష్టం.

#8 ఓరుగల్లు పిలగాడు (వరంగల్)

'ఆల్వేస్ ఆన్ మై మైండ్' ఎల్విస్ పాట గదా, వీళ్లకెట్ల దొరికింది?

#9 సింథ్ సుధ (హైదరాబాద్)

1987లో ఎల్విస్ చనిపోయి పదేళ్లైన సందర్భంగా బ్రిటన్‌లో ఐటీవీ ఒక కార్యక్రమం చేసింది. రకరకాల గాయకులు ఎల్విస్ పాటలు పాడారు. వీళ్లు ఇది ఎంచుకున్నారు. జనం బాగా అడిగేసరికి సింగిల్‌గా తెచ్చారు, ఆ ఏడు క్రిస్మస్ నంబర్ వన్ అయింది. రెండో స్థానంలో ఆగిపోయింది పోగ్స్, కర్స్టీ మెకాల్ పాడిన 'ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్'. ఇవాళ బ్రిటన్‌లో ప్రతి డిసెంబరులో మోగేది ఆ రెండోదే!

ఎల్విస్ రూపంలో అది తప్పు తెలుసుకున్న భర్త పాట. మెల్లగా, బరువుగా ఉంటుంది. వీళ్లు వేగం పెంచి, పైన బాకాల్లాంటి సింథ్ ముక్క ఒకటి పెట్టారు. టెనెంట్ గొంతులో ఏడుపు లేదు. నిజంగా బాధపడుతున్నాడా, ఊరికే అంటున్నాడా అని వినేవాళ్లకి అనుమానం వస్తుంది. మాటలు దాదాపు అలాగే ఉంచి పాట స్వభావం మార్చేశారు.

#10 వెన్నెల విశాఖ (విశాఖపట్నం)

'ఇట్స్ ఎ సిన్' గురించి నాకు చెప్పాలనుంది. నేను క్యాథలిక్ సిస్టర్స్ నడిపే బడిలో చదువుకున్నాను. మంచి బడి, మంచి టీచర్లు. ఐనా కన్ఫెషన్ (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) అంటే కడుపులో ఏదో తిరిగేది. ఏం తప్పు చేశానో గుర్తులేకపోయినా ఏదో చేసే ఉంటానన్న భయం. ఆ పాట చివర్లో టెనెంట్ లాటిన్‌లో 'కాన్ఫితెయోర్' అనే పాపాలు ఒప్పుకునే ప్రార్థన చదువుతాడు. మొదటిసారి విన్నప్పుడు అది పాటలో భాగం అనిపించలేదు. తలుపు అవతల నిజంగా ఎవరో చదువుతున్నట్టనిపించింది. వీడియో సినిమా దర్శకుడు డెరెక్ జార్మన్ తీశాడు, అందులో విచారణ జరుగుతుంటుంది, టెనెంట్ ముద్దాయి.

పెద్దయ్యాక తెలిసింది, ఆ పాటలోని సిగ్గు మతానికే పరిమితం కాదని. టెనెంట్ స్వలింగ ప్రియుడు. 1994లో 'ఆటిట్యూడ్' పత్రికకి ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆ మాట బయటకి చెప్పాడు. 'డిస్కోగ్రఫీ' వచ్చేనాటికి చెప్పలేదు. 1988లో థాచర్ ప్రభుత్వం సెక్షన్ 28 తెచ్చింది. స్వలింగ ప్రేమను స్థానిక సంస్థలు 'ప్రోత్సహించకూడదు' అని చట్టం. ఆ పద్దెనిమిది పాటలూ వచ్చింది ఆ కాలపు గాలిలోనే. 'రెంట్', 'సో హార్డ్', 'జెలసీ' వినండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తేల్చి చెప్పడు. అందువల్లే ఎవరైనా ఆ పాటలోకి వెళ్లి కూర్చోవచ్చు. 2021లో రసెల్ టి. డేవిస్ ఎయిడ్స్ రోజుల మీద తీసిన టీవీ సీరియల్‌కి ఈ పాట పేరే పెట్టాడు. అంతకన్నా సరైన పేరు దొరకదు.

#11 టైన్ ఒడ్డున (న్యూకాజిల్, ఇంగ్లండ్)

వెన్నెల గారు అంత చెప్పాక 'బీయింగ్ బోరింగ్' దగ్గరికి రాకుండా ఉండలేం.

మూడు భాగాలు ఆ పాట. మొదటిదాంట్లో పాత ఫొటోలు, పార్టీ ఆహ్వానాలు, 1920ల సంగతి. అందులో తలిచే మాట అమెరికా రచయిత్రి జెల్డా ఫిట్జెరాల్డ్‌ది. టెనెంట్ కుర్రాడిగా ఉన్నప్పుడు న్యూకాజిల్‌లో స్నేహితులు ఇచ్చిన పార్టీ ఆహ్వానం మీద అది ఉండేదట. రెండో భాగం 1970లు, ఇల్లు వదిలి లండన్ రైలెక్కడం. మూడోది 1990లు. ఆ స్నేహితుల్లో ఒకరు ఎయిడ్స్‌తో పోయారు. తాను అనుకున్నట్టే తన జీవితం తయారైంది, పక్కన ఉంటాడనుకున్నవాడు లేడు.

ఏడుపు సంగీతం ఎక్కడా లేదు. వా-వా గిటారు, మెత్తటి డ్రమ్ మెషిన్, గాలిలా వచ్చిపోయే సింథ్. చావు అన్న మాటే రాదు. వీడియో బ్రూస్ వెబర్ తీశాడు, నలుపు తెలుపుల్లో ఒక ఇంట్లో పార్టీ.

అది 1990 చివర్లో సింగిల్‌గా వచ్చి 20వ స్థానంలో ఆగింది. అంతకుముందు నాలుగు నంబర్ వన్‌లు ఇచ్చినవాళ్లకి అది ఓటమే. ఇప్పుడు అభిమానుల్ని ఎవర్ని అడిగినా ముందు దీని పేరే చెప్తారు. 'డిస్కోగ్రఫీ' చేసిన మేలు ఇక్కడ చూడండి. హిట్లే ఏరి ఉంటే దీనికి చోటు కష్టమయ్యేది. సింగిల్స్ అన్నీ వరసగా పెట్టాలనుకున్నారు కాబట్టి నంబర్ వన్‌ల పక్కన, సమాన మర్యాదతో, పద్నాలుగో పాటగా కూర్చుంది.

#12 అనంత అభి (అనంతపురం)

ఆ ఒక్క పాయింటు నాకు నచ్చింది. కానీ ఆ పాటని ఆల్బమ్‌లో, దాదాపు ఏడు నిమిషాల రూపంలో వినాలి సార్. 1990 'బిహేవియర్'లో మొదటి పాట అది. మ్యూనిక్‌లో హారల్డ్ ఫాల్టర్‌మెయర్‌తో చేశారు, 'యాక్సెల్ ఎఫ్' అనే వాద్య సంగీతపు హిట్ కట్టినాయనతో. ఆయన దగ్గరున్న పాత అనలాగ్ సింథ్‌ల కోసమే అక్కడికి వెళ్లారు. జానీ మార్ గిటారు, బాలనెస్కు క్వార్టెట్ తీగలు, ఆల్బమంతా ఒకే రకమైన సాయంకాలపు వెలుతురు. అందులోంచి 'బీయింగ్ బోరింగ్'ని పీకి 'సో హార్డ్'కీ, యూ2 పాటకీ మధ్య పెట్టారు. యూ2 'వేర్ ది స్ట్రీట్స్'ని తీసుకుని 'కాంట్ టేక్ మై ఐస్ ఆఫ్ యూ'తో అతికించి డిస్కో చేయడం మంచి చమత్కారమే, కాదనను. 'బీయింగ్ బోరింగ్' అయిన వెంటనే అది వినడం మాత్రం నావల్ల కాదు.

#13 సింథ్ సుధ (హైదరాబాద్)

అభి, నాకైతే ఆ మలుపే సరైనది. స్నేహితుణ్ణి తలుచుకున్న పాట తర్వాత మళ్లీ డ్యాన్సు ఫ్లోర్. ఆ ఏళ్లలో ఆ క్లబ్బులకి వెళ్లేవాళ్లంతా అలాగే బతికారు కదా. వారం మధ్యలో అంత్యక్రియలు, శనివారం డ్యాన్సు. విడుదల తేదీలే ఆ వరసని తెచ్చాయి, ఐనా నిజానికి దగ్గరగా ఉంది.

ఇప్పుడు 2003లో వచ్చిన 'పాప్‌ఆర్ట్' సంగతి. 35 పాటలు, రెండు సీడీలు. ఒకదాని పేరు 'పాప్', ఇంకోదాని పేరు 'ఆర్ట్'. తేదీల వరస తీసేసి, సరదా పాటలు ఒక వైపు, ఆలోచన పాటలు ఒక వైపు పెట్టారు. 'గో వెస్ట్' ఉంది, 'కెన్ యూ ఫర్‌గివ్ హర్' ఉంది, కొత్తగా 'మిరకిల్స్', 'ఫ్లాంబోయంట్' ఉన్నాయి. పాటల పరంగా దానికి వంక లేదు. నాకు నచ్చనిది ఆ విభజన. వాళ్ల గొప్పతనమే ఆ రెంటినీ విడదీయలేకపోవడం. 'ఇట్స్ ఎ సిన్' పాప్ వైపు వేశారు, 'వెస్ట్ ఎండ్ గర్ల్స్' ఆర్ట్ వైపు వేశారు. ఎవరైనా తిరగేసి పెట్టినా అడిగేవాళ్లు లేరు.

ఇదే సందర్భంలో మన దేశపు ముచ్చట ఒకటి. 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాద్యాలు టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 ముందేసుకుని పది రాగాల్ని డిస్కో బీట్ మీద వాయించి ఒక ఎల్పీ చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ అచ్చయ్యాక, షికాగో ఆసిడ్ హౌస్ కన్నా ముందే ఆ శబ్దం ఇక్కడ పుట్టిందా అని ప్రపంచమంతా నోరు తెరిచింది. 'డిస్కోగ్రఫీ'లో హౌస్ పాటలు నచ్చినవాళ్లు అది తప్పక వినండి. దాని మీద ఇంకో థ్రెడ్ పెడతాను.

#14 ఓరుగల్లు పిలగాడు (వరంగల్)

సుధక్క చెప్పినంక నిన్న రాత్రి 18 పాటలు వరసగ పెట్టుకొని ఇన్న, ఎక్కడ గూడ ఆపలె. రెండు సంగతులు చెప్త.

ఒకటి, 'లవ్ కమ్స్ క్విక్లీ'. ఇంతకుముందు 'స్మాష్'ల దాన్ని దాటేసిన. 'వెస్ట్ ఎండ్ గర్ల్స్' అయిపోంగనే అది వస్తే ఒళ్లు జలదరించింది. వీధిల నుంచి ఒక్కసారి ఇంట్ల ఒంటరిగ కూసున్నట్టు అయింది. ఆ పైకి వొయ్యే గొంతు ఎంత బాగున్నది!

రెండు, ఆఖరి పాట 'వాజ్ ఇట్ వర్త్ ఇట్'. ఇంత గొప్ప సీడీకి ఆ పాటతోటి ముగింపేంది? దీనికి ఎవరన్న జవాబు చెప్పుండ్రి.

#15 రికార్డుల రావు (రాజమండ్రి)

పిలగాడూ, నీ చెవి మంచిది. 'లవ్ కమ్స్ క్విక్లీ' 19లో ఆగింది గానీ, వాళ్లు కట్టిన బాణీల్లో అంత సున్నితమైంది ఇంకోటి లేదని నా అభిప్రాయం.

చివరి రెండు పాటలూ కలిపి చూడు. రెంటికీ నిర్మాతలు బ్రదర్స్ ఇన్ రిథమ్. 'డీజే కల్చర్' 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత రాసింది. నాయకులు పాత యుద్ధాల మాటల్ని తెచ్చి కొత్త యుద్ధానికి అతికించడం, టీవీలో యుద్ధం ఆటలా కనిపించడం, డీజే పాత పాటల ముక్కలు కోసి అతికించడం, ఈ మూడింటినీ ఒకే గాటన కట్టాడు. మధ్యలో ఆస్కార్ వైల్డ్ తన విచారణ చివర జడ్జితో అన్న మాట వస్తుంది. నేనేమీ చెప్పకూడదా అని. అంత బరువైన పాట 13దాకా వెళ్లింది.

'వాజ్ ఇట్ వర్త్ ఇట్' 24లో ఆగింది. ఆ సీడీలో అందరికన్నా తక్కువ స్థానం దానిదే. బాణీ తేలికే, ఒప్పుకుంటాను. కానీ అడిగే ప్రశ్నా, చెప్పే జవాబూ చూడు. ప్రేమించినందుకు ఇంత పోగొట్టుకున్నాను, దక్కిందా అని అడిగి, దక్కిందనే అంటాడు. 'ఇట్స్ ఎ సిన్'లో చేసిందంతా పాపమే అన్న మనిషి, పదమూడు పాటల తర్వాత, ఎవరికీ క్షమాపణ చెప్పనంటున్నాడు. విడిగా వింటే అది మామూలు డ్యాన్సు పాట. అందుకే 'పాప్‌ఆర్ట్'లో దాన్ని తీసేసినా ఎవరికీ లోటు తెలియలేదు. ఇక్కడ తీసేస్తే ఆ మనిషి జవాబు చెప్పకుండానే వెళ్లిపోతాడు.

#16 వెన్నెల విశాఖ (విశాఖపట్నం)

రావుగారూ, ఆ ముడి ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. ఇవాళ మళ్లీ వింటాను.

డస్టీ గురించి ఎవరూ రాయలేదు. 60లలో వెలిగి, తర్వాత మరుగునపడిన గాయని ఆవిడ. 'వాట్ హావ్ ఐ డన్' బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ రెండో స్థానం. ఆ తర్వాత 1990లో వచ్చిన ఆవిడ ఆల్బమ్ 'రెప్యుటేషన్'లో సగం వీళ్లే చేశారు. హిట్ల జాబితాలో ఆ పాట ఒక వరస మాత్రమే. ఆవిడ జీవితంలో మాత్రం రెండో ఇన్నింగ్స్. టెనెంట్ పొడిగా మాట్లాడుతుంటే, మధ్యలో ఆవిడ గొంతు పొగలా లేచి వస్తుంది. ఆ చోటు కోసమే ఆ పాట.

#17 అనంత అభి (అనంతపురం)

అందరూ సింగిల్ రూపాలే మేలంటున్నారు కాబట్టి 'సబర్బియా' విషయంలో మాత్రం మీతో కలుస్తున్నా. 'ప్లీజ్' ఆల్బమ్‌లో ఉన్నది సన్నగా ఉంటుంది. సింగిల్ కోసం మళ్లీ చేసినప్పుడు కుక్కల అరుపులు, పగిలే అద్దాలు, పెద్ద డ్రమ్స్ అన్నీ వచ్చాయి. లండన్‌లోని బ్రిక్స్టన్, లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్ అల్లర్ల వాసన ఆ రూపంలోనే ఉంది. 8వ స్థానానికి వెళ్లింది.

'కింగ్స్ క్రాస్' విషయంలో మాత్రం తగ్గను.

#18 టైన్ ఒడ్డున (న్యూకాజిల్, ఇంగ్లండ్)

తగ్గొద్దు అభి గారూ. 'యాక్చువల్లీ' మీద విడిగా థ్రెడ్ పెట్టండి, పది పాటలూ ఒక్కొక్కటిగా మాట్లాడుకుందాం. 'షాపింగ్'తో మొదలుపెట్టండి, నా దగ్గర చెప్పడానికి చాలా ఉంది.